మేము కొనని వస్తువులు

సేల్ డీడ్ చివర షెడ్యూలు అని ఒక పేజీ ఉంటుంది. ఇంటి నంబరు, స్థలం ఎన్ని చదరపు గజాలు, కట్టడం ఎన్ని చదరపు అడుగులు, ఆర్‌సీసీ కప్పా రేకులా, తూర్పున ఎవరిల్లు, ఉత్తరాన ఎన్ని అడుగుల రోడ్డు. హైదరాబాద్ నల్లకుంటలో మేము కొన్న పాత ఇంటి షెడ్యూలును నేను అక్షరం వదలకుండా చదివాను. లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం నాది, కాగితం కనబడితే చదవకుండా ఉండలేను. ఆ పేజీలో అటక లేదు. అటక మీద దశాబ్దాలుగా పేరుకున్న సామాను సంగతి అసలే లేదు. పెరట్లో మామిడి చెట్టు లేదు, ప్రహరీ వారన నిలబడే ఇస్త్రీ బండి లేదు.

ఇల్లు అమ్మింది అన్నాచెల్లెళ్ళు ఇద్దరు. అన్న టెక్సస్‌లో, చెల్లెలు న్యూజెర్సీలో ఉంటారు. తండ్రి ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక తల్లి కొన్నాళ్ళు ఒక్కరే ఉండి, చివరికి కూతురి దగ్గరకు వెళ్ళి అక్కడే కన్నుమూశారు. ఆ తరువాత ఇంటికి తాళమే. 2023 చివర్లో జరిగిన అమ్మకమంతా వాళ్ళ బాబాయిగారి చేతుల మీదుగా నడిచింది. ఆయన వనస్థలిపురంలో ఉంటారు, డెబ్బై దాటిన మనిషి. తమ తరఫున అమ్మే అధికారం ఆయనకు ఇస్తూ పిల్లలు అక్కడి భారత కాన్సులేటులో జీపీఏ రాసి పంపారు. విదేశంలో రాసిన అలాంటి పత్రానికి అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి. ఆ పని ఆయన పద్ధతిగా చేశారు. ఇల్లు ఖాళీ చేయించడం మాత్రం చేయలేదు. "విలువైనవన్నీ పిల్లలు తీసుకెళ్ళిపోయారమ్మా. మిగిలింది పాత సామాను. పారేస్తారో, ఉంచుకుంటారో మీ ఇష్టం" అని తాళంచెవుల గుత్తి నా చేతిలో పెట్టారు. ఆ ఇంట్లో ఉన్న తలుపుల కంటే ఆ గుత్తిలో తాళంచెవులు ఎక్కువ.

ఇల్లు కొంటే దానితో ఏమేమి వస్తాయో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఎనిమిదో సెక్షన్‌లో ఉంది. తాళాలు, తాళంచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఇంటితో పాటు శాశ్వతంగా వాడుకోవడానికి అమర్చినవన్నీ కొన్నవారివే. కాబట్టి వంటింటి గచ్చులో పాతిన రుబ్బురోలు మాది. బీరువా మాది కాదు. అటక మీది గంగాళం మాది కాదు. బాబాయిగారు నోటిమాటగా పారేయమన్నా, వస్తువులు పిల్లలవి, ఆయనవి కావు. మావారికి ఈ విచారణ చాదస్తంగా తోచింది. గచ్చు తవ్వేటప్పుడు లంకెబిందెలు దొరికితే అప్పుడు ఎవరివో చూద్దాంలే అన్నారు. దానికీ చట్టం ఉంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాచినది దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. ఆ పది రూపాయల హద్దు బ్రిటిష్ వాళ్ళు పెట్టింది. ఇది చెప్పాక ఆయన గచ్చు సంగతి ఎత్తలేదు.

పని ఎలా మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి న్యూజెర్సీకి ఫోను చేశాను. ఆమె నా కంటే పెద్దది, అక్కా అనే పిలిచాను. "కనబడినవాటి ఫోటోలు పంపుతాను, ఏది కావాలో చెప్పండి, మిగతావి తీసేస్తాను" అన్నాను. ఆమె మొదట "అక్కడ ఏమీ లేవు కదా" అంది. తరువాత కొన్ని నెలల పాటు ఆ మాట మళ్ళీ అనలేదు.

అటక మీద ముందు కనబడ్డవి గిన్నెలు. రాగి బాయిలరు, ఇత్తడి గంగాళం, పెళ్ళివంటకు సరిపోయే డేగిసాలు ఎలాగూ ఉంటాయనుకున్నాను. వాటి వెనక గోనెసంచుల్లో స్టీలు సామాను. మన ఇళ్ళలో స్టీలు గిన్నె మీద పేరు కొట్టించని కాలం లేదు కదా. ఒక్కో గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా ఇచ్చినవాళ్ళ పేరు, సందర్భం, తేదీ. గృహప్రవేశం, 1971. కూతురి ఓణీల వేడుక. కొడుకు ఒడుగు. మాస్టారి రిటైర్మెంటుకు పాఠశాల ఉపాధ్యాయులు ఇచ్చిన పెద్ద పళ్ళెం. వాటిని తేదీల వరసలో పెడితే ఆ కుటుంబ చరిత్ర మొత్తం వంటింటి గట్టు మీద నిలబడింది. ఒక చిన్న గ్లాసు మీద పేరు ఒక్కటే ఉంది, కుటుంబంలో ఎవరి పేరుతోనూ కలవలేదు. ఫోటో పంపితే అక్క చాలాసేపటికి జవాబిచ్చింది. తన తరువాత పుట్టి మూడో ఏట పోయిన తమ్ముడట. ఆ గ్లాసు వాళ్ళ బాబాయిగారికి కూడా గుర్తు లేదు. గిన్నెల్లో ఆమె అడిగింది అది ఒక్కటే. మిగతావాటిలో మంచివి ఒక వృద్ధాశ్రమం వంటశాలకు ఇచ్చాము. పేర్లు చెరిపించాలా అని అక్కడివాళ్ళు అడిగారు. అక్కర్లేదన్నాను.

గంగాళాన్ని, బాయిలరునూ ఏమి చేయాలన్నది పెద్ద తగాదా అయింది. మా అత్తయ్యగారు గంగాళంలో మొక్క పెట్టుకోవచ్చన్నారు. ఈ మధ్య గంగాళాల్లో కలువలు పెంచే ఫ్యాషను నాకు నచ్చదు. పెళ్ళివారికి నీళ్ళు మోసిన పాత్రను అలంకారం చేసి కూర్చోబెట్టడం అవమానంలా ఉంటుంది. అయినా అవి మావి కావు. అమ్మితే వచ్చిన డబ్బు బాబాయిగారి ఖాతాలో వేస్తానన్నాను. ఇత్తడి కొనేవాళ్ళు రెండిటినీ కలిపి ఒకే ధరకు తూచబోతే నేను ఒప్పుకోలేదు, రాగికి రాగి ధర, ఇత్తడికి ఇత్తడి ధర వేరుగా కట్టించాను. విరిగిన కుర్చీలు, నల్లటి రిసీవరున్న ఫోను, పనిచేయని మిక్సీలు బండి మీద జుమ్మేరాత్ బజారుకు వెళ్ళిపోయాయి. గురువారం గురువారం అక్కడ జరిగే సంతలో హైదరాబాద్ పాత ఇళ్ళ సామాను సగం తేలుతుంది.

మందుల డబ్బాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గడువు తీరిన ఇన్సులిను, రక్తపోటు మాత్రలు, ఒక పాదరసపు బీపీ యంత్రం. యంత్రాన్ని తెలిసిన డాక్టరుగారికి అప్పగించాము. పగిలితే ఆ పాదరసాన్ని చేత్తో ఎత్తకూడదు.

ఊరగాయ జాడీల దగ్గర మాత్రం ఆగాలి. అటక మూల మూడు జాడీలు, మూతికి గుడ్డ కట్టి, దారం ముడివేసి ఉన్నాయి. రెండు ఖాళీ. మూడోదానిలో నిమ్మకాయ, నల్లగా, జిగటగా, బొగ్గు రంగులో. నేను పారబోయబోతే అత్తయ్యగారు అడ్డం పడ్డారు. పాత నిమ్మకాయ ఊరగాయ జ్వరపడి లేచినవాళ్ళకు పథ్యం, ఎంత పాతదైతే అంత మంచిదని. అది ఏ ఏటిదో తెలియదు, ఎవరి చేతిదో తెలుసు. ఆమె ఒక ముక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు. నేను ముట్టలేదు. జాడీ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, ఆమెకు నీరసంగా ఉన్నప్పుడల్లా కాస్త తగ్గుతూ ఉంటుంది. అక్కను అడిగితే, "తినండి, అమ్మకు ఎవరైనా తింటే సంతోషం" అంది.

పూజగది పని నాకు అన్నిటికంటే కష్టమైంది. దేవుడి పటాలను రావిచెట్టు కింద పెట్టి వెళ్ళిపోవడం ఈ ఊళ్ళో ఆనవాయితీ. ఏ కాలనీలో చూసినా చెట్టు మొదట్లో అద్దాలు పగిలిన దేవుళ్ళు ఎండకు ఎండుతూ ఉంటారు. మేము చట్రాలు, అద్దాలు విడదీసి ఫ్రేముల దుకాణానికి ఇచ్చి, కాగితాలను బకెట్టు నీళ్ళలో నానబెట్టి మామిడి మొదట్లో పోశాము. అంతవరకు తేలికే. అలమారా లోపలి అరలో దూదిలో చుట్టిన చెక్కపెట్టె ఒకటి ఉంది. తెరిస్తే సాలగ్రామం.

సాలగ్రామం నేపాల్‌లో గండకీ నదిలో దొరికే నల్లటి రాయి. భూశాస్త్రవేత్తలకు అది కోట్ల ఏళ్ళ నాటి అమోనైట్ శిలాజం. మా అత్తయ్యగారికి విష్ణువు. ఇంట్లో సాలగ్రామం ఉంటే రోజూ అభిషేకం, నైవేద్యం తప్పకూడదు. మూడేళ్ళకు పైగా స్వామి చీకటి అరలో పస్తున్నాడని తెలిసి ఆమె ఆ పూట భోజనం చేయలేదు. బాబాయిగారిని తీసుకెళ్ళమంటే, "మా కోడలు ఉద్యోగానికి వెళుతుందమ్మా, మా ఇంట్లో కుదరదు" అన్నారు. కొడుకును అడిగితే అమెరికాలో కుదరదన్నాడు. నాకూ ఉద్యోగమే. నిత్యపూజ చేయాల్సిన దేవుణ్ణి ఎవరూ ఒప్పుకోని స్థితి మాకు కొత్తగా తోచింది గానీ, దగ్గరలోని ఆలయంలో అర్చకస్వామికి అది మామూలే. పెట్టె చూపగానే ఏమీ అడగకుండా లోపలికి తీసుకెళ్ళారు. అక్కడ ఒక ఇత్తడి పళ్ళెంలో అప్పటికే అలా చేరిన సాలగ్రామాలు చాలా ఉన్నాయి. "పిల్లలు దూరం వెళ్ళిన ఇళ్ళవన్నీ ఇక్కడికే వస్తాయి. కలిపి ఒకే అభిషేకం చేస్తున్నాను" అన్నారు.

అదే అరలో రెండు కాశీచెంబులు కూడా ఉన్నాయి. కాశీ వెళ్ళినవాళ్ళు గంగనీటిని చిన్న రాగిచెంబుల్లో పోయించి, మూతికి సీసం అతికించి తెస్తారు. చాలా ఇళ్ళలో వాటిని పోయేవాళ్ళ గొంతులో పోయడానికి దాచిపెడతారు. ఒకటి మూత తీసిన ఖాళీ చెంబు. మాస్టారిది అయి ఉండాలి. రెండోది సీలు చెదరకుండా ఉంది. దాని ఫోటో పంపినప్పుడు అక్క వెంటనే వీడియో కాల్ చేసింది. "అది అమ్మ తన కోసం దాచుకుంది. ఇక్కడికి వచ్చేటప్పుడు విమానంలో తీసుకెళ్ళనివ్వరని వదిలేసి వచ్చాం" అంది. తల్లి సంవత్సరీకాలు ఇక్కడ బాబాయిగారే పెట్టిస్తున్నారు. ఆ చెంబు ఆయనకు చేరింది.

ఇక బీరువా. దాని తాళంచెవి గుత్తిలోనే దొరికింది. అరల్లో పరిచిన పాత దినపత్రికలను మావారు లాగుతుంటే కింద సన్నటి కట్టలు కనబడ్డాయి. అన్నీ పాత ఐదువందల నోట్లు, మధ్యలో కొన్ని వెయ్యి నోట్లు. 2016 నవంబరు 8 రాత్రితో చెల్లకుండా పోయినవి. ముప్ఫై వేలకు పైనే ఉన్నాయి. మనవాళ్ళలో పోపుల డబ్బాలో, బియ్యం డబ్బాలో, చీరల మడతల్లో డబ్బు దాచని ఇల్లాలు అరుదు. అక్కకు చెబితే ముందు నవ్వింది. ఆ నవంబరులో మాస్టారు బ్యాంకు క్యూలో నిలబడి తన డబ్బు మార్చుకుని వచ్చి, నీ దగ్గర ఏమైనా ఉన్నాయా అని అడిగితే, వాళ్ళమ్మ ఏమీ లేవన్నారట. ఫోనులో ఆ సంభాషణ ఆమె విన్నది. "నాన్నకు తెలిస్తే ఇంటిఖర్చు డబ్బులో మిగుల్చుకుంటున్నట్టు తెలిసిపోతుందని భయం. డిసెంబరు ముప్ఫై దాకా గడువున్నా నోరు విప్పలేదు" అంది. నాకు మాస్టారి మీద కోపం వచ్చింది. ఆవిడ ఏమి చేసినా లెక్క అడిగేవారు కాబోలు. లెక్కలు అడగడమే వృత్తిగా ఉన్నదాన్ని, ఈ మాట అనే హక్కు నాకెంత ఉందో.

ఆ నోట్లను ఇంట్లో ఉంచుకోవడం కూడా తప్పే. 2017లో వచ్చిన చట్టం ప్రకారం రద్దయిన నోట్లు పదికి మించి ఎవరి దగ్గరా ఉండకూడదు. పాత నాణేలు, నోట్ల మీద అధ్యయనం చేసేవాళ్ళకైతే ఇరవై అయిదు దాకా వెసులుబాటు ఉంది. దొరికితే జరిమానా పది వేలు, లేదా ముఖవిలువకు ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అది. ముప్ఫై వేల చెల్లని డబ్బుకు లక్షన్నర జరిమానా! అక్క, వాళ్ళన్న చెరి కొన్ని నోట్లు గుర్తుగా ఉంచమన్నారు. చట్టం ఒప్పే లెక్కలోనే రెండు కవర్లు కట్టాను. మిగతావి కత్తెరతో ముక్కలు చేశాము. కత్తిరించడానికి అత్తయ్యగారు రాలేదు.

పసుపు కుంకుమల పెట్టెలో ఇంకో చిన్న సంచీ ఉంది, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు నాణేలతో. హాలీ సిక్కా అనేవారు. అప్పట్లో ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం. హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసి పదేళ్ళు దాటాక, 1959లో గానీ అవి పూర్తిగా రద్దు కాలేదు. ఆ ఇంట్లో రద్దయిన డబ్బు రెండు తరాలది ఉందన్నమాట. వెండి కలిసిన నాణేలకు ఇప్పటికీ ధర ఉంది, కాగితానికి లేదు.

కాగితాల పెట్టెలో నా చేయి బాగా ఆడింది. రెండు కంపెనీల వాటాపత్రాలు దొరికాయి, భార్యాభర్తల పేర్ల మీద. వరసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకోకపోతే డివిడెండుతో పాటు వాటాలు కూడా కేంద్రప్రభుత్వపు మదుపరుల రక్షణ నిధికి వెళ్ళిపోతాయి. ఐఈపీఎఫ్ అంటారు. అయినా హక్కు పోదు. వారసులు ఐఈపీఎఫ్-5 అనే ఫారంతో తిరిగి అడగవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి కాగితపు వాటాలను అమ్మడానికి వీల్లేదు గానీ, చనిపోయినవారి నుంచి వారసుల పేరుకు మార్పించుకోవచ్చు. బ్యాంకుల్లో పదేళ్ళుగా ఎవరూ కదిలించని డిపాజిట్ల కోసం రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ అనే వెబ్‌సైటు పెట్టింది. మాస్టారి పేరు, పాన్ నంబరు ఇచ్చి అక్క అందులో వెతికితే ఒక డిపాజిట్ కనబడింది. "పాత సామాను"లో బాబాయిగారి లెక్కకు అందనిది అది.

పుస్తకాలు చెప్పుకోదగ్గవి కావు. వారపత్రికల నుంచి సీరియళ్ళు చింపి, వరసగా కుట్టించి, అట్ట వేయించిన బైండ్లు మాత్రం చాలా ఉన్నాయి. ఆ పని చేసిన చివరి తరం మా అత్తయ్యగారిది. ఆమె వాటిలో మూడు తీసి పెట్టుకున్నారు, ఒకదాంట్లో చివరి వారం కాగితాలు లేవని ఇప్పటికీ సణుగుతారు. మిగతావి ఆబిడ్స్ ఆదివారం బజారులో ఒకాయన తీసుకున్నారు.

వస్తువులు సర్దాము గదా, అయిపోయిందనుకుంటే బిల్లులు మొదలయ్యాయి. కరెంటు బిల్లు మాస్టారి పేరు మీద కూడా లేదు. 1971లో ఆయనకు ఇల్లు అమ్మిన మనిషి పేరు మీద ఉంది. యాభై ఏళ్ళు ఆయన పేరుతోనే కట్టారు. నల్లా బిల్లు మాస్టారి పేరున, ఆస్తిపన్ను ఆవిడ పేరున. ఆస్తిపన్ను పేరు రిజిస్ట్రేషనుతో పాటే మారింది. నల్లాకు దరఖాస్తు చేసుకోవాల్సి వచ్చింది. నెలకు ఇరవై వేల లీటర్ల ఉచిత నీటి పథకం కావాలంటే మీటరు ఉండాలి, కనెక్షనుకు ఆధార్ కలపాలి. లోకంలో లేనివారి ఆధార్ ఎవరు కలుపుతారు? కరెంటు సంగతి మరీ విచిత్రం. మేడ మీది గదులకు ఒకప్పుడు వేరే మీటరు ఉండేదట. అద్దెకున్నవాళ్ళు బాకీ పెట్టి వెళ్ళిపోతే కనెక్షను తీసేశారు. అదే భాగానికి కొత్తది అడిగితే ఆ బాకీ మమ్మల్ని కట్టమన్నారు. మావారు గట్టిగా వాదించబోయారు. పాత యజమాని బకాయి తీరిస్తేనే కొత్త కనెక్షను ఇస్తామనే షరతు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2023 మేలోనే తీర్పిచ్చింది, నేను అప్పటికే చదివాను. కట్టేశాము. బాబాయిగారు గంగాళం అమ్మిన డబ్బులోంచి అది మినహాయించుకోమన్నారు. పాత ఇల్లు కొనేవాళ్ళు ఇప్పుడు పని చేస్తున్న మీటరుతో పాటు, ఒకప్పుడు పని చేసిన మీటరు గురించి కూడా అడగాలి.

మామిడి చెట్టు ఏప్రిల్ దాకా నోరెత్తలేదు. కాయ దిగే వేళకు తూర్పువైపు ఇంటి బామ్మగారు బుట్ట పట్టుకుని వచ్చారు. "కొమ్మ మా గోడ దాటి వచ్చింది. ఆకులు మేమే ఊడుస్తాం. అందుకు మాస్టారు ఏటా ఆవకాయకు కాయలు ఇచ్చేవారు. ఆ లెక్క మీకు చెప్పలేదా?" అన్నారు. చెప్పలేదు. చెట్టు కొట్టేద్దామన్నా మన ఇష్టం కాదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. బామ్మగారికి కాయలు ఇచ్చాము. అవి పుల్లగా, గట్టిగా, ముక్కకు టెంక సరిగ్గా ఉండేవి. వాటికి అంత పట్టుబట్టడంలో తప్పు లేదు.

ఇస్త్రీ బండి అతను ఇంకో లెక్క తెచ్చాడు. ప్రహరీ పక్కన నీడలో బండి పెట్టుకుంటే, మాస్టారి చొక్కాలు ఊరికే చేసిపెట్టాలి, ఇల్లు ఒక కంట కనిపెట్టాలి. "అట్లనే అనుకున్నాం అమ్మగారూ, సారుతో" అన్నాడు. మావారికి ఊరికే ఇస్త్రీ అక్కర్లేదు; డబ్బిచ్చి చేయిస్తాము, బండి అక్కడే ఉంది. అతను మమ్మల్ని మొదట నమ్మలేదు. కొంతకాలం గమనించి, ఒక సాయంత్రం బొగ్గుల బస్తా వెనక నుంచి పెద్ద ప్లాస్టిక్ సంచీ తీసి ఇచ్చాడు. ఇంటికి తాళం పడ్డప్పటి నుంచి పోస్టుమ్యాన్ ఇచ్చిన ఉత్తరాలన్నీ అందులో ఉన్నాయి. "గేటు కింద వేస్తే తడుస్తయని నాకిచ్చిండు. ఎవరికియ్యాల్నో తెల్వలే" అన్నాడు.

పెళ్ళిపత్రికలు, బీమా కాగితాలు, పింఛనుదారుల సంఘం పత్రిక. వాటి మధ్యలో ఒక బ్యాంకు నోటీసులు, ఒకదాని తరువాత ఒకటి. లాకరు అద్దె బాకీ ఉందని, కట్టకపోతే తెరుస్తామని, చివరికి తెరిచామని.

అప్పుడు అర్థమైంది గుత్తిలోని పొడుగాటి తాళంచెవి ఏమిటో. లాకరు తాళంచెవుల మీద బ్యాంకు గుర్తు చెక్కించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. పాత తాళంచెవి కావడంతో దీని మీద అంకె తప్ప ఏమీ లేదు. బాబాయిగారు అది గోద్రెజ్ బీరువాదనుకున్నారు. హైదరాబాద్‌లో ఆ తరం ఉద్యోగుల ఖాతాలు ఎక్కువగా రెండు చోట్ల ఉండేవి. 2017లో ఎస్‌బీఐలో కలిసిపోయిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో, లేదా 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన ఆంధ్రా బ్యాంకులో. ఏ బ్యాంకో ఇక్కడ అనవసరం. అద్దె మూడేళ్ళు వరసగా కట్టకపోతే, నోటీసులిచ్చి, సాక్షుల ముందు లాకరు పగలగొట్టి, లోపలివాటికి జాబితా రాసి, సీలు వేసి భద్రపరిచే అధికారం బ్యాంకులకు ఉంది. వాళ్ళ పని వాళ్ళు చేశారు. నోటీసులు తాళం వేసిన ఇంటికి వచ్చి ఇస్త్రీ బండి కింద చేరాయి.

చలికాలంలో అక్క వారసత్వ కాగితాలతో వచ్చింది. బ్యాంకు పని అయ్యాక సరాసరి మా ఇంటికి, అంటే తన ఇంటికి వచ్చింది. బంగారం కొద్దిగానే ఉందట. అది పక్కనపెట్టి, సంచీలోంచి గట్టి అట్ట మడత ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నీదే" అంది.

ఇల్లు కొనేటప్పుడు మమ్మల్ని అన్నిటికంటే ఏడిపించింది ఆ కాగితం లేకపోవడమే. మాస్టారు కొన్న 1971 నాటి దస్తావేజు ఉంది గానీ, దానికి ముందుది, స్థలం మొదట చేతులు మారిన లింకు డాక్యుమెంటు, కనబడలేదు. అప్పు ఇచ్చే బ్యాంకు ఒరిజినల్ లేకుండా ఒప్పుకోదు. పోయిందని పోలీసుల దగ్గర పత్రం, పత్రికల్లో ప్రకటన, రిజిస్ట్రారు కార్యాలయం నుంచి నకలు, వీటి మీద హామీ బాండు. పోయిందని బాబాయిగారు ఊరంతటికీ ప్రకటించిన కాగితం లాకరులో చల్లగా ఉంది. సొమ్ము ముట్టాక ఆస్తి పత్రాలు కొన్నవారికే ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం యాభై అయిదో సెక్షన్. వాళ్ళ వస్తువులు మా ఇంట్లో ఉంటే, మా కాగితం వాళ్ళ లాకరులో ఉంది.

అది ఉర్దూలో ఉంది, తేదీ 1355 ఫసలీ. ఫసలీకి 590 కలిపితే ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది, అంటే 1945-46. కొనేటప్పుడు లాయరు గారి గుమాస్తా నకలు చదివి హక్కు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలుగులో ఒక పేరా రాసిచ్చాడు, ఎల్లలు చదవలేదు. చాదర్‌ఘాట్‌లో ఉండే ఒక రిటైర్డు ఉర్దూ మాస్టారిని అక్క, నేను కలిసి వెళ్ళి అడిగాము. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఎల్లలు ఒక్కొక్కటే చెప్పారు. తూర్పు హద్దు దగ్గర ఆగి, మళ్ళీ చదివారు. అక్కడ ఒక బావి ఉంది, దానిలో ఈ స్థలానికి సగం, తూర్పువైపువారికి సగం హక్కు.

మా పెరట్లో బావి లేదు. తూర్పు గోడను ఆనుకుని బట్టలు ఉతికే సిమెంటు గట్టు ఉంది, గుండ్రంగా. అది ఎందుకు గుండ్రంగా ఉందని ఇన్నాళ్ళు మాలో ఎవరికీ తట్టలేదు. అక్క ఆ గట్టు మీదే ఆడుకుని పెరిగింది, ఆమెకూ తట్టలేదు. ఇనపకమ్మీతో తడితే లోపల బోలు శబ్దం వచ్చింది.

పూడిక తీసేవాళ్ళు వచ్చి చూశారు. రాతి కట్టుబడి గట్టిగానే ఉండవచ్చని, పైకప్పు సిమెంటు పగలగొట్టి చూస్తే గానీ లోతు చెప్పలేమని అన్నారు. నీళ్ళు లేకపోయినా మేడ మీది వాననీటిని దాంట్లోకి మళ్ళిస్తే బోరుకు మేలు. ఖర్చు ఎక్కువే. బామ్మగారికి దస్తావేజు సంగతి చెప్పగానే ముఖం వెలిగింది. "మా మామగారు చెప్పేవారు, మాకూ బావి ఉండేదని! మేమే నమ్మలేదు" అన్నారు. సగం హక్కు ఉంటే సగం ఖర్చు కూడా ఉంటుందని నేనన్నాను. బెంగళూరులో ఉన్న కొడుకును అడిగి చెబుతానన్నారు. అడగడం ఇంకా అవలేదు. ఈ ఏటి మామిడికాయలకు మాత్రం బుట్ట ముందే పంపారు.